42 ఏళ్లకు యోగా మొదలెడితే సూర్యనమస్కారాలతోనే మొదలెట్టాలా?

కూకట్‌పల్లి_కొత్తబ్యాచ్:

నమస్తే అండీ. వయసు 42, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 86 కిలోలు. రోజంతా కంప్యూటర్ ముందే ఉద్యోగం. ఉదయం ఒక బీపీ మాత్ర వేసుకుంటాను, షుగర్ లేదు. పొద్దున లేవగానే ఫోన్లో వీడియో పెట్టుకుని 12 సూర్యనమస్కారాలు చేస్తున్నాను. మూడు ఇబ్బందులు వస్తున్నాయి. పర్వతాసనంలోనూ (చేతులూ పాదాలూ నేలకి ఆనించి పిర్రలు పైకెత్తేది) భుజంగాసనంలోనూ (బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తేది) మణికట్లు పీకుతున్నాయి. పాదహస్తాసనంలో (నిలబడి వంగి పాదాలు అందుకునేది) మోకాళ్ల వెనక లాగేసి చేతులు పిక్కల దగ్గరే ఆగిపోతున్నాయి. వంగి పైకి లేచినప్పుడు ఒక్కోసారి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి.

అసలు మొదలుపెట్టాల్సింది సూర్యనమస్కారాలతోనేనా? మా ఇంట్లో టైల్స్, మ్యాట్ ఎంత మందం ఉండాలి? కపాలభాతి (పొట్ట లోపలికి లాగుతూ గాలిని విసురుగా వదిలే ప్రాణాయామం) చేస్తే పొట్ట తగ్గుతుందంటున్నారు, నేను చేయొచ్చా? కాఫీ తాగి చేస్తే తప్పా?

---

గోదారిగట్టు:

ముందు మూడోదాని సంగతి చూడండి, మిగతా రెండూ ఆగుతాయి. తల కిందికి దించి చటుక్కున పైకి లేస్తే రక్తం కాళ్లలోకి దిగుతుంది, మెదడుకి అందడం ఓ క్షణం ఆలస్యమవుతుంది. బీపీ మాత్ర వేసుకునేవాళ్లలో ఈ సర్దుబాటు ఇంకాస్త నెమ్మది. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే 5 నిమిషాలు కూర్చుని ఒకసారి చూసుకోండి. తర్వాత లేచి నిలబడి 1 నిమిషానికోసారి, 3 నిమిషాలకోసారి చూసుకోండి. నిలబడ్డాక పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతుంటే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మాత్ర మీరే మానేయడం, తగ్గించడం వద్దు. అది తేలేదాకా నిలబడి తల నడుం కంటే కిందికి వంచే భంగిమ ఏదీ చేయకండి. తర్వాత కూడా వంగినప్పుడల్లా మోకాళ్లు మడిచి, చేతులు తొడల మీద ఆనించి, సగంలో ఒక శ్వాస ఆగి, అప్పుడు పైకి రండి. తల అన్నిటికంటే చివర లేవాలి.

ఇక అసలు ప్రశ్న. సూర్యనమస్కారం మొదటి పాఠం కాదు. అందులో ముందుకు వంగడం, కాలు వెనక్కి చాపడం, ఒంటి బరువు చేతుల మీద మోయడం, వెన్ను వెనక్కి వంచడం అన్నీ ఉన్నాయి. అవన్నీ విడివిడిగా వచ్చినవాళ్లు వాటిని శ్వాసతో కలిపి చేసేది అది. వీడియోలో అమ్మాయి ఒక్కో నమస్కారం 20 సెకన్లలో ముగిస్తుంది. ఆ వేగంలో మీ తుంటి వంగిందా నడుం వంగిందా అన్నది మీకే తెలియదు.

మణికట్టు: కీబోర్డు మీద పనిచేసే చేయి రోజంతా వేళ్లు ముడుచుకునే ఉంటుంది. దాన్ని ఒక్కసారి 90 డిగ్రీలు వెనక్కి విరిచి దాని మీద బరువు వేస్తే పీకుతుంది మరి. చాలామంది బరువంతా మణికట్టు పక్కన, చిటికెనవేలి వైపు వేస్తారు. వేళ్లు బాగా విప్పి, చూపుడువేలి మొదటి కణుపునీ బొటనవేలి అడుగునీ నేలకి నొక్కండి. అక్కడ నొక్కితే మణికట్టు మీద భారం తగ్గుతుంది. భుజంగాసనంలో అరచేతులు భుజాల కంటే ముందుకి పోకూడదు, చంకల పక్కన ఉండాలి. బలం చేతులది కాదు, వీపుది. పరీక్ష సులువు: పైకి లేచాక రెండు అరచేతులూ ఒక అంగుళం గాల్లోకి లేపండి. ఛాతీ దబ్బున కింద పడితే మీరు చేతులతో నెట్టుకుంటున్నారన్నమాట. ఛాతీ నిలబడే ఎత్తే మీ ఎత్తు, అది 4 అంగుళాలే అయినా సరే. బొడ్డు నేలని వదలకూడదు.

మోకాళ్ల వెనక లాగడం: తొడ వెనక కండరం కూర్చునే ఎముక దగ్గర మొదలై మోకాలు దాటి కింద అతుక్కుంటుంది. అది బిగుసుకుంటే కటి ముందుకి ఒరగదు, అప్పుడు వంగేది నడుమే. కాళ్లు నిటారుగా ఉంచి చేతులు కిందకి లాగితే ఆ లాగుడు కండరం కంటే మోకాలి వెనక ఉన్న నరం మీదా స్నాయువు మీదా ఎక్కువ పడొచ్చు. సాగుడు తొడ మధ్యలో తెలియాలి. మోకాలి వెనక గానీ, పిర్ర అడుగున ఎముక దగ్గర గానీ సలిపితే ఆపేయండి. పాదం దాకా జివ్వుమని తిమ్మిరి దిగితే అది నరం, ఇంకాస్త లాగితే వదులవుతుందని అనుకోవద్దు. చేయాల్సిందల్లా మోకాళ్లు బాగా మడిచి పొట్టని తొడలకి ఆనించడం. ఆ ఆనింపు వదలకుండా, పిర్రల్ని పైకి లేపుతూ, కాళ్లు ఎంతవరకు విచ్చుకుంటే అంతే విప్పండి. వేళ్లు నేలకి అందాల్సిన పనేమీ లేదు, రెండు ఇటుకల మీదో కుర్చీ మీదో పెట్టండి.

ఇంకొకటి, లేవగానే చేస్తున్నానన్నారు. రాత్రంతా పడుకున్నాక వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, నిద్రలేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. పొద్దున్నే చేసేట్టయితే పడుకుని చేసేవి ముందు, నిలబడి వంగేవి తర్వాత పెట్టుకోండి.

మొదటి నెలకి ఈ వరస సరిపోతుంది, 25 నిమిషాలు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని 2 నిమిషాలు ముక్కుతో శ్వాస. పవనముక్తాసనం (మోకాలిని ఛాతీకి హత్తుకోవడం) ఒక్కో కాలితో 5 శ్వాసలు, తల లేపకుండా. సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తడం) మూడుసార్లు, ఒక్కోటి 5 శ్వాసలు. ఇందులో మడమలు సరిగ్గా మోకాళ్ల కింద ఉండాలి, దూరంగా పెడితే తొడ వెనక కొంకర్లు పోతుంది. తర్వాత మోకాళ్లు, చేతుల మీద నిలిచి మార్జాలాసనం (వీపుని పైకీ కిందికీ వంచడం) 8 సార్లు, మణికట్లు నొస్తే పిడికిళ్ల మీద. లేచి తాడాసనం (నిటారుగా నిలబడడం). ఆపైన గోడ వంగుడు: నడుం ఎత్తులో అరచేతులు గోడకి ఆనించి, వెన్ను నేలకి సమాంతరంగా వచ్చేదాకా పాదాలు వెనక్కి నడిపించండి. తల చేతుల మధ్యే ఉంటుంది, కిందికి వేలాడదు. పాదహస్తాసనానికి మీకు ప్రస్తుతం ఇదే బదులు. త్రికోణాసనంలో (నిలబడి పక్కకి వంగేది) కాళ్ల మధ్య 3 అడుగుల దూరం, కింది చెయ్యి కుర్చీ మీద. వృక్షాసనం (ఒంటికాలి మీద నిలబడేది) గోడ పక్కన, పాదం పిక్కకో తొడకో ఆనించాలి తప్ప మోకాలి పక్కన పెట్టకూడదు. అక్కడ నొక్కితే కీలు పక్కకి ఒరుగుతుంది. తర్వాత భుజంగాసనం మూడుసార్లు, మకరాసనంలో (బోర్లా పడుకుని) విశ్రాంతి, కూర్చుని వక్రాసనం (నడుం పక్కకి తిప్పడం) రెండు వైపులా, చివర శవాసనం 5 నిమిషాలు. శవాసనంలో నడుం నేలని వదిలి పైకి ఉబ్బుతుంటే మోకాళ్ల కింద దిండు పెట్టండి. టైం లేదని అందరూ ముందు కోసేది శవాసనాన్నే. కోయాలంటే త్రికోణాసనం కోసుకోండి.

---

జంపఖానా:

మ్యాట్ సంగతి మాత్రం చెప్తా. 10, 12 మిల్లీమీటర్ల మెత్తటి ఫోమ్ కొనకండి. పడుకోవడానికి హాయిగా ఉంటుంది గానీ ఒంటికాలి మీద నిలబడితే పాదం అందులోకి దిగి చీలమండ వణుకుతుంది. చేతుల మీద బరువు వేసినప్పుడు అరచేతి అడుగు ఇంకా దిగిపోయి మణికట్టు 90 డిగ్రీలు దాటి విరుగుతుంది. మీ మణికట్టు నొప్పికి మ్యాట్ కూడా ఒక కారణం కావొచ్చు. 5 లేదా 6 మిల్లీమీటర్లు చాలు, మోకాళ్లకి గట్టిగా అనిపిస్తే మడత పెట్టిన దుప్పటి వేసుకోండి. మామూలు మ్యాట్ 68 అంగుళాల పొడవుంటుంది, సరిగ్గా మీ ఎత్తు. శవాసనంలో తలో మడమలో టైల్స్ మీదికి వెళ్తాయి, 72 అంగుళాలది తీసుకోండి.

కొత్త పీవీసీ మ్యాట్ మీద మొదట్లో జారుడు పొర ఉంటుంది, రెండు మూడుసార్లు సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి నీడన ఆరేస్తే పోతుంది. ఎండలో వేస్తే పెళుసెక్కుతుంది. మ్యాట్ జారిపోతోందని కంపెనీని తిట్టేముందు కింద టైల్ తుడవండి, సగం సార్లు దుమ్మే. జంపఖానా ఒక్కటే టైల్స్ మీద వేసుకుని నిలబడి చేయకండి, కాళ్లు ఎడంగా పెట్టగానే చీలిపోతుంది. మ్యాట్ మీద పరుచుకోండి, కూర్చోవడానికి, పడుకోవడానికి అంతకంటే మంచిది లేదు. యోగా పట్టీ కొనక్కర్లేదు, పాత కండువా చాలు. ఇటుకల బదులు లావుపాటి పాత డిక్షనరీలు రెండు తాడుతో గట్టిగా కట్టేసుకోండి.

---

అరసవల్లి_ఆదివారం:

గోదారిగట్టు గారు చెప్పిన వరస బాగుంది, కానీ సూర్యనమస్కారాన్ని నెలపాటు పక్కన పెట్టాలంటే ఒప్పుకోను. అది చేద్దామనే చాలామంది మ్యాట్ దాకా వస్తారు, అదే తీసేస్తే మొత్తం మానేస్తారు. నేల మీద చేయలేకపోతే కుర్చీ మీద చేయండి, కళ్లు తిరగడం సంగతి తేలాక.

చక్రాల కుర్చీ వద్దు, తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ వద్దు, ఒరిగిపోతాయి. ఇనుపదో చెక్కదో తీసుకుని, వీపు భాగం గోడకి ఆనించి, కాళ్లు మ్యాట్ మీద ఉండేట్టు వేయండి. సీటుకి ఒక అడుగు దూరంలో నిలబడి నమస్కారం. శ్వాస తీసుకుంటూ చేతులు పైకి. ఇక్కడ వెనక్కి విరగకండి, పక్కటెముకలు పైకి లేస్తే చాలు. వదులుతూ మోకాళ్లు మడిచి సీటు అంచుని రెండు పక్కలా పట్టుకోండి. పట్టుకోవడం వల్ల మణికట్టు వెనక్కి విరగదు, అదే దీని లాభం. తీసుకుంటూ కుడికాలు మూడడుగులు వెనక్కి. వదులుతూ ఎడమకాలు కూడా వెనక్కి వేసి, పిర్రలు వెనక్కి లాగితే పర్వతాసనం. తర్వాత ఒళ్లు ఏటవాలు పలకలా చేసి మోచేతులు కొద్దిగా వంచండి, అష్టాంగ నమస్కారం స్థానంలో ఇది. తీసుకుంటూ చేతులు నిటారుగా చేసి ఛాతీ ముందుకి, భుజాలు చెవులకి దూరంగా. వదులుతూ మళ్లీ పర్వతాసనం. తీసుకుంటూ కుడికాలు ముందుకి, వదులుతూ ఎడమకాలు, తీసుకుంటూ లేచి చేతులు పైకి, వదులుతూ నమస్కారం. రెండోసారి ఎడమకాలితో మొదలు.

నేల మీదికి దిగాక అందరూ తడబడేది పర్వతాసనం నుంచి కాలు ముందుకి తెచ్చేటప్పుడు. పొట్ట అడ్డం, తుంటి బిగువు, పాదం సగం దూరంలోనే ఆగిపోతుంది, అప్పుడు ఒక ఊపు ఊపి లాగేస్తారు. ఊపొద్దు. ముందు మోకాళ్లు నేల మీద పెట్టండి, తర్వాత చీలమండని చేత్తో పట్టుకుని పాదాన్ని చేతుల మధ్యకి తెచ్చుకోండి. రెండు చేతుల కిందా ఇటుకలుంటే కాలికి చోటు దొరుకుతుంది. అష్టాంగంలో పాదాలు, మోకాళ్లు, అరచేతులు, ఛాతీ, గడ్డం నేలకి తగిలి పొట్ట పైకుండాలి. చేతుల్లో బలం లేనివాళ్లకి ఛాతీ దబ్బున పడుతుంది, వాళ్లు పూర్తిగా బోర్లా పడుకుని అక్కణ్నుంచి భుజంగాసనానికి లేవడం మేలు. ఈ స్థితిలో శ్వాస బయటికి వదిలి బిగబట్టమని కొందరు చెప్తారు, బీపీ ఉన్నవాళ్లు బిగబట్టొద్దు.

లెక్క దగ్గర కూడా తికమక ఉంది. కొన్ని పద్ధతుల్లో కుడికాలితో 12, ఎడమకాలితో 12, మొత్తం 24 స్థితులైతేనే ఒక ఆవృత్తి. వీడియోలో ‘12’ అంటే ఆరు ఆవృత్తులో పన్నెండో చూసుకోండి. మీరు కుర్చీ మీద రెండు ఆవృత్తులతో మొదలెట్టి వారానికొకటి పెంచండి. నోరు తెరవకుండా ముక్కుతోనే శ్వాస నడిచినంత వరకే ఆ రోజు లెక్క. ప్రతి ఆవృత్తికీ ముందు నిలబడి ‘ఓం మిత్రాయ నమః’, ‘ఓం రవయే నమః’ అంటూ ఒక్కో నామం చెప్పుకునే అలవాటుంటే ఆ విరామంలో శ్వాస దానంతటదే కుదురుకుంటుంది. రథసప్తమికి 108 చేద్దామని వాట్సాప్ గ్రూపుల్లో పిలుపులొస్తాయి, మొదటి ఏడాది ఆ పిలుపు మీక్కాదు.

---

గోదారిగట్టు:

కుర్చీ పద్ధతికి నాకు అభ్యంతరం లేదండీ. సీటు మీద చేతులున్నప్పుడు కూడా తల వేలాడేయకుండా, చెవులు చేతుల మధ్య ఉంచమని మాత్రం చెప్పండి.

---

బీచ్‌రోడ్డు_ప్రాణాయామం:

కపాలభాతి మీకు ఇప్పుడు వద్దు. బీపీ, గుండె జబ్బు, హెర్నియా, మూర్ఛ, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), ఈమధ్య పొట్ట ఆపరేషన్, గర్భం వీటిలో ఏది ఉన్నా వద్దు. పొట్ట తగ్గుతుందన్న మాట కూడా వదిలేయండి. పొట్ట కండరాలకి పని దొరుకుతుంది నిజమే, ఆ పైనున్న కొవ్వు తిండి లెక్క మారితేనే కరుగుతుంది.

ఆయుష్ శాఖ ఉమ్మడి యోగా క్రమంలో కపాలభాతి ఉంది కదా అని అడుగుతారు. ఉంది. జూన్ 21న మైదానాల్లో చేయించే ఆ 45 నిమిషాల క్రమం ఆరోగ్యంగా ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసింది, జబ్బులున్నవాళ్లు మానాల్సినవి అందులోనే వేరుగా చెప్పారు. మైకులో లెక్కపెట్టే ఆయనకి మీ బీపీ తెలియదు.

మీరు చేయదగ్గది నాడీశోధన, శ్వాస బిగబట్టకుండా. కుర్చీలో కూర్చున్నా పర్లేదు, వెన్ను నిటారుగా ఉండాలి. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మడవండి. బొటనవేలు కుడి ముక్కుకి, ఉంగరంవేలు ఎడమ ముక్కుకి. నొక్కాల్సింది ముక్కు ఎముక అయిపోయి మెత్తగా మొదలయ్యే చోట, అంతే, ముక్కు పక్కకి వంగేలా కాదు. ఎడమతో తీసుకుని కుడితో వదిలి, కుడితో తీసుకుని ఎడమతో వదిలితే ఒకటి. మొదటి వారం తీసుకోవడం 4 లెక్క, వదలడం 4. తర్వాత వదలడం 6 చేయండి. 5 నిమిషాలు. లెక్క పూర్తికాక ముందే గాలి కోసం ఆత్రం పుడితే లెక్క పెద్దదయిందని అర్థం, 3కి దించండి. జలుబు చేసి ఒక ముక్కు మూసుకుపోయిన రోజు ఇది మానేసి భ్రామరి 7 సార్లు చేయండి, పెదవులు కలిపి, పళ్లు ఎడంగా ఉంచి, సన్నటి నాదం.

నెట్‌లో ‘వేగంగా తీసుకుని వేగంగా వదలండి’ అని కపాలభాతి పేరుతో చూపించేది భస్త్రిక. కపాలభాతిలో వదలడమే పని, తీసుకోవడం దానంతటదే జరుగుతుంది. ఆరోగ్యం బాగున్నవాళ్లు కూడా సెకనుకి ఒకటి చొప్పున 20, మధ్యలో ఆగి మామూలు శ్వాస, ఇలా మూడు విడతలు చాలు. భుజాలు ఎగురుతుంటే, తల తేలిపోతుంటే ఆపాలి.

కాఫీ: తాగి అరగంట, ముప్పావుగంట ఆగండి. ఇడ్లీ లాంటి తేలిక టిఫిన్ అయితే రెండు గంటలు, భోజనం అయితే మూడున్నర నాలుగు గంటలు. మీ బీపీ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు చెప్పిన టైమే, యోగా కోసం మార్చొద్దు.

---

కూకట్‌పల్లి_కొత్తబ్యాచ్:

అందరికీ థ్యాంక్స్ అండీ. నా మ్యాట్ 12 మిల్లీమీటర్లది, జంపఖానా గారు పట్టేశారు. మరో రెండు డౌట్లు. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఐదు నిమిషాలకే మోకాలి లోపలివైపు నొప్పి. పద్మాసనం అలవాటు చేసుకుంటే పోతుందా? ఇంకోటి, మా ఆవిడ కూడా చేస్తానంటోంది, థైరాయిడ్ మాత్ర వాడుతుంది. ఇద్దరం దగ్గర్లో క్లాసుకి వెళ్లాలా, ఇంట్లోనే చాలా?

---

గోదారిగట్టు:

పోదు, పెరుగుతుంది. పద్మాసనంలో తిరగాల్సింది తుంటి. అది తిరగనప్పుడు పాదాన్ని చేత్తో లాగి తొడ మీద పెడితే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది, లోపలివైపు మెత్తటి ఎముక నలుగుతుంది. పిర్రల కింద మందపాటి దిండు వేసి, మోకాళ్లు తుంటి కంటే కిందికి వచ్చేంత ఎత్తులో సుఖాసనంలో కూర్చోండి. అయినా మోకాళ్లు గాల్లో ఉంటే వాటి కింద కూడా దుప్పటి మడతలు పెట్టండి. వజ్రాసనం (మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చోవడం) భోజనం తర్వాత కూడా చేయదగ్గ ఆసనం, మడమలకీ పిర్రలకీ మధ్య దిండు, చీలమండల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని 3 నిమిషాలతో మొదలెట్టండి. పాదం మొద్దుబారితే ఓర్చుకోకుండా లేవండి.

---

బీచ్‌రోడ్డు_ప్రాణాయామం:

థైరాయిడ్ మాత్ర యోగాకి బాగా కుదురుతుంది. లేవగానే మంచినీళ్లతో మాత్ర, తర్వాత ముప్పావుగంట సాధన, అప్పుడు కాఫీ. మాత్రకీ కాఫీకీ మధ్య ఎలాగూ ఆ ఎడం కావాలి. నెలసరి మొదటి రెండు రోజులు కపాలభాతి, కాళ్లు పైకెత్తేవి, పొట్ట నొక్కుకునేవి మానేసి సుప్త బద్ధకోణాసనం (వెల్లకిలా పడుకుని అరికాళ్లు కలిపి మోకాళ్లు పక్కలకి వదలడం) దిండ్ల మీద చేస్తే నడుంనొప్పికి హాయి. సిజేరియన్ అయ్యుంటే, అది ఎన్నాళ్ల కిందటిదైనా టీచరుకి ముందే చెప్పమనండి.

క్లాసుకి వెళ్లండి, కనీసం రెండు నెలలు. వంగింది తుంటా నడుమా అన్నది పక్కనుంచి చూసేవాళ్లకే తెలుస్తుంది. ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ ఉందా అని అడగొచ్చు, కానీ అదొక్కటే చూసి చేరకండి. చేరే ముందు ఒక క్లాసు పక్కన కూర్చుని చూస్తామనండి. జబ్బులు, ఆపరేషన్లు, మాత్రలు ఏమున్నాయో మొదటి రోజే అడిగే టీచరైతే మంచిది. ఇరవైమందికి మించి ఉంటే మిమ్మల్ని చూడ్డం కుదరదు. వంగినవాళ్ల వీపు మీద చెయ్యేసి కిందికి నొక్కే టీచరైతే ఫీజు కట్టకుండా వచ్చేయండి. మొదటి నెలలోనే శీర్షాసనం వేయిస్తామని బోర్డు పెట్టుకున్నచోటికీ వద్దు. ఆ ఆసనంలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపు దాకా పెరుగుతుంది, మెడ మీద పడే బరువు వేరే. మీ బీపీకి అది ఎలాగూ పనికిరాదు.

---

జంపఖానా:

ఆ 12 మిల్లీమీటర్ల మ్యాట్ పారేయకండి. మూడు ముక్కలు చేస్తే ఒకటి సుఖాసనానికి పిర్రల కింద మడిచి పెట్టుకోవచ్చు, ఒకటి మార్జాలాసనంలో మోకాళ్ల కింద. మూడోదాన్ని బిగించి చుట్టి సన్నటి దిమ్మలా చేసి, అరచేతి అడుగున మణికట్టు వైపు పెట్టండి, వేళ్లు కింద మ్యాట్ మీదే ఉండాలి. మణికట్టు కోణం తగ్గుతుంది.